ఆరేళ్లుగా పిల్లలతో రైల్లో సిటీకి డే ట్రిప్పులు: నా రివ్యూ

పొద్దున్నే రైలెక్కి సిటీకెళ్లి రాత్రికల్లా ఇంటికొచ్చేయడం మేం మొదలెట్టి ఆరేళ్లయింది, దాదాపు నెలకోసారి, అప్పుడు చిన్నదానికి ఏడాదిన్నర, ఇప్పుడు ప్లాట్‌ఫామ్ నంబర్ అదే చదివి చెప్తోంది. ఐదుకి నాలుగు ఇస్తా, తగ్గిన ఆ ఒక్కటీ రిటర్న్ రైలు ఖాతాలోకే.

పొద్దున రైలు మాత్రం సూపర్ అసలు. కార్లో అయితే మా ఆయన కళ్లు రోడ్డు మీద, నా చెయ్యేమో వెనక సీట్లో కొట్టుకుంటున్న ఇద్దరి మధ్యలో. రైల్లో నలుగురం ఎదురెదురుగా కూర్చుంటాం, ఇంట్లో ఎన్నిసార్లు అడిగినా "ఏం లేదు" అనే పెద్దోడు కిటికీలోంచి చూస్తూ చూస్తూ స్కూల్లో జరిగిందంతా చెప్పేస్తాడు, ఎవరూ మొహంలోకి చూసి అడగట్లేదు కదా అందుకేమో. సిటీలో ఏం చూశామో సగం మర్చిపోయాం, రైల్లో చెప్పుకున్న కబుర్లు మాత్రం గుర్తున్నాయి.

సీటు చూసి తీసుకోండి కానీ. పెట్టె మధ్యలో కుదుపు తక్కువ, రెండు చివర్లలో చక్రాల మీదుండే సీట్లలో ఎక్కువ. చిన్నదానికి ఫోనిస్తే పావుగంటలో కడుపులో తిప్పేసేది, కళ్లేమో కదలని స్క్రీన్ మీద, చెవి లోపలుండే బ్యాలెన్స్‌కేమో కదలిక తెలిసిపోతుంటుంది, రెండూ కలవక వికారం. ఫోన్ లాక్కుని రైలు వెళ్లేవైపు మొహం పెట్టి కూర్చోబెట్టి దూరంగా చూడమన్నాం, చాలావరకు తగ్గింది (ఒక్కసారి మా అత్తగారి ఒళ్లో అయిపోయింది, ఆ కథ ఇక్కడొద్దు).

టికెట్లు ఫోన్లోనే ఉంటాయి కాబట్టి పవర్ బ్యాంక్ తప్పదు. 10,000 ఎంఏహెచ్ అని రాసుంటే అంతా ఫోన్లోకి ఎక్కుతుందనుకోకండి, లోపలి బ్యాటరీ సెల్ 3.7 వోల్టులది, బయటికిచ్చేది 5 వోల్టులు, ఆ మార్పులో పోయేది పోగా 6,000 చిల్లర దక్కుతుంది.

ఇక రిటర్న్. మొదట్లో సిటీలో నాలుగు చోట్లు లిస్టు రాసుకుని పరిగెత్తేవాళ్లం, రెండో చోటుకే చిన్నది ఎత్తుకోమని ఏడుపు, పెద్దోడు అలక, మేమిద్దరం ఒకళ్ల మీద ఒకళ్లం విసుక్కోవడం, ఆఖరికి ఆఖరి రైలు పట్టుకోవడం. ఒకరోజు ఆ ఆఖరి రైలే క్యాన్సిల్ అయింది, భుజం మీద నిద్రపోతున్న పిల్లతో బెంచీ మీద గంటన్నర కూర్చుని టాక్సీలో వచ్చాం, అయిన ఖర్చుకి ఇంకో రెండు ట్రిప్పులు వేసేవాళ్లం. అప్పట్నుంచి ఒక్కటే చోటు, ఆఖరిదానికి ముందు రైలు, అదీ ఆఫీసులు వదిలే టైం కాకుండా. మా ఆయన ఇప్పటికీ "ఇంకో గంట ఉండొచ్చుగా" అంటుంటారు, నేను బ్యాగ్ తగిలించుకుని నడుస్తుంటా.

ఒకటి మాత్రం ఇంకా తేలలేదు. పోయిన నెల నుంచి పెద్దోడు రైలెక్కగానే హెడ్‌ఫోన్స్ పెట్టేసుకుంటున్నాడు.