పిట్సా, డెకాథ్లానా? పాత ఏరోబాటిక్ విమానం కొనేముందు చూడాల్సినవి

గాలిలో విన్యాసాలు చేసే సెకండ్ హ్యాండ్ ఏరోబాటిక్ విమానం కోసం వెతికేవాళ్లలో చాలామంది చివరికి ఒకే ప్రశ్న దగ్గర ఆగుతారు. రెండు సీట్ల పిట్స్ ఎస్-2బి తీసుకోవాలా, సూపర్ డెకాథ్లాన్ తీసుకోవాలా? హార్స్‌పవర్, రోల్ రేటు (విమానం ఎంత వేగంగా పక్కకు దొర్లుతుందో), ఇంజిన్ మీద గడిచిన గంటలు పక్కపక్కన రాసుకుని లెక్కలు వేస్తారు. అవన్నీ అమ్మకం ప్రకటనలోనే ఉంటాయి. అందులో ఉండనిది ఒకటుంది: రెక్క భారం మోసే స్పార్ దేనితో చేసింది, దాన్ని ఆఖరిసారి ఎవరు, ఎప్పుడు కళ్లారా చూశారు?

ఇంజిన్ పోతే ఓవర్‌హాల్ చేయించుకోవచ్చు, ఎంతవుతుందో ముందే అడిగి తెలుసుకోవచ్చు. ఈ విమానాల రెక్కలకు తొడిగిన గుడ్డ కింద స్పార్ పగిలి ఉంటే మాత్రం రెక్క విప్పేదాకా ఖర్చెంతో ఎవరూ చెప్పలేరు. అందుకే బేరమాడే ముందు ఇంజిన్ కన్నా ముందు రెక్క చూడాలి. ఎక్కువమంది దీన్ని తిరగేసి చేస్తారు.

కాగితం మీద తేడా ఇది. సూపర్ డెకాథ్లాన్‌ది 180 హార్స్‌పవర్ లైకామింగ్ ఏఈఐఓ-360, కాన్‌స్టాంట్ స్పీడ్ ప్రొపెల్లర్, పరిమితి +6/-5 జీ (జీ అంటే భూమ్యాకర్షణకు ఎన్ని రెట్ల భారమో; మైనస్ అంటే తలకిందుల దిశలో పడేది). ఎస్-2బిది 260 హార్స్‌పవర్ ఏఈఐఓ-540, పరిమితి +6/-3 జీ. పోటీల్లో తిరిగిన పిట్స్ ఆ మైనస్ మూడును ఎన్నిసార్లు దాటిందో లాగ్‌బుక్‌లో ఎవరూ రాయరు. జీ మీటర్‌లో గరిష్ఠాన్ని పట్టి ఉంచే ముళ్లు ఉంటాయి గానీ, ఒక్క నొక్కుతో అవి వెనక్కి వెళ్లిపోతాయి. కాబట్టి విమానమే చెప్పాలి.

చెక్క స్పార్

పిట్స్ రెక్కల్లో స్పార్లు చెక్కవే. డెకాథ్లాన్‌లలో పాతవాటికి స్ప్రూస్ చెక్క స్పార్లు. వాటిని తయారుచేసే అమెరికన్ ఛాంపియన్ కంపెనీ 1990ల తొలినాళ్లకల్లా లోహపు స్పార్లకు మారింది. పాత విమానాలకు లోహపు స్పార్ల రెక్కలు తర్వాత బిగించిన ఉదాహరణలూ ఉన్నాయి. అంచేత తయారైన సంవత్సరం చూసి తేల్చేయకండి, లాగ్‌బుక్‌లో రెక్కల మార్పిడి ఎంట్రీ వెతకండి. డెకాథ్లాన్ కుటుంబంలోని చెక్క స్పార్ విమానాల కోసమే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 2000లో ఏడీ 2000-25-02 అనే ఎయిర్‌వర్తినెస్ డైరెక్టివ్ (తప్పక పాటించాల్సిన భద్రతా ఆదేశం) ఇచ్చింది. దాని ప్రకారం తనిఖీ చేసినట్టు తేదీ, గంటలు, సంతకంతో ఎంట్రీలు వరుసగా కనబడాలి. మధ్యలో కొన్నేళ్లు ఖాళీగా ఉంటే ఎందుకని అడగండి.

చెక్క స్పార్‌లో భయపడాల్సింది కంప్రెషన్ పగులు. గ్రౌండ్ లూప్‌లో, అంటే నేల మీద విమానం అదుపు తప్పి గిర్రున తిరిగినప్పుడు, రెక్క కొన నేలకు తగిలితే ఆ దెబ్బ స్పార్ పొడవునా లోపలికి పాకుతుంది. చెక్క నార ఒకచోట నలిగిపోతుంది. పైన గుడ్డ చెక్కుచెదరదు, కొనకు ఓ చిన్న రిపేరు చేసి రంగు వేస్తారు, అంతటితో సరి. ఆ తర్వాత జీ పడిన ప్రతిసారీ నలిగిన చోటు మరికాస్త బలహీనపడుతుంది. అందుకే లాగ్‌బుక్‌లో ‘వింగ్ టిప్ బౌ మార్చాం’ (బౌ అంటే రెక్క కొనలోని వంపు ముక్క) అనే ఒక్క వాక్యం కనబడితే దాన్ని స్పార్ ఎంట్రీగానే చదవాలి. దాని వెనకే స్పార్ తనిఖీ ఎంట్రీ లేకపోతే, తనిఖీ జరగలేదనే అనుకోండి.

చూసే పద్ధతి ఇది. ఇన్‌స్పెక్షన్ రంధ్రాల్లోంచి మెడ వంగే గట్టి లైటు, చిన్న అద్దం లేదా బోరోస్కోప్ పంపాలి. వెలుతురు స్పార్ మీద నేరుగా పడితే పగులు కనబడదు. నార వెంబడి, చెక్కకు దాదాపు సమాంతరంగా రాసుకుంటూ పోయేలా పడాలి. అప్పుడు నారకు అడ్డంగా, వెంట్రుక పడినట్టు ఓ సన్నని గీత తేలుతుంది. ముందు వెతకాల్సిన చోటు స్ట్రట్ (రెక్కకు ఊతమిచ్చే కడ్డీ) బిగించే దగ్గర ప్లైవుడ్ పలకలు అయిపోయే అంచు, అక్కడి స్పార్ పై ముఖం, కింది ముఖం. పక్క ముఖాలు మాత్రమే చూసి వచ్చే మెకానిక్‌లు ఉన్నారు, ముందే చెప్పి పంపండి. రెక్కకు ఆకారమిచ్చే రిబ్‌లను స్పార్‌కు కొట్టిన మేకులు కూడా చూడాలి. ఒకటి లేచి ఉంటే పాతబడిందనుకోవచ్చు. పక్కపక్క రిబ్‌లలో వరసగా తలలు పైకొచ్చి ఉంటే అక్కడ స్పార్ మామూలుకన్నా ఎక్కువ కదులుతోందని అర్థం.

రంధ్రాలు చాలకపోతే కొత్తవి వేయించొచ్చు. గుడ్డకు ప్లాస్టిక్ రింగు అంటించి లోపలి భాగం కోసి మూత పెట్టడమే, చిన్న పని. యజమాని ఒప్పుకోవాలి, అంతే.

అన్నిటికన్నా విలువైన కాగితం మాత్రం కొత్త గుడ్డ తొడిగినప్పుడు విప్పి ఉన్న రెక్కల, ఫ్యూజలాజ్ (విమానం మొండెం) ఫోటోల కట్ట. అది ఉన్న పిట్స్, లేని పిట్స్ రెండు వేర్వేరు విమానాలు.

పిట్స్‌లో మరికొన్ని

రెక్కలను బిగించి పట్టే ఫ్లయింగ్ వైర్లు స్టెయిన్‌లెస్ స్టీలువి. ఒక్కోదాని అంచు మీద వేలు నడపండి, గాటు తగిలితే వదలొద్దు, ఆ గాటు దగ్గరే తెగుతుంది. వైర్లు కలిసే చోట ఉండే చెక్క జావెలిన్ వదులైతే వైర్లు కొట్టుకుంటూ అరిగిపోతాయి. టెర్మినల్ పక్కనున్న చిన్న రంధ్రంలో సన్నని తీగ గుచ్చి చూడండి. అవతలికి దూరిపోతే వైరు మరలు చాలినంత లోపలికి ఎక్కలేదన్నమాట.

ఫ్యూజలాజ్‌కు కింద, వెనక రెక్క ఫిట్టింగుల దగ్గర పగుళ్లు వస్తాయని ఈ రకానికి పాత ఏడీ ఉంది. అది తీరిందో, మార్పు చేశారో, ఇంకా పదేపదే తనిఖీ మీద నడుస్తోందో చూడండి. బంజీలతో (సాగే రబ్బరు తాళ్లతో) ఉన్న ల్యాండింగ్ గేర్ అయితే బంజీల వయసు అడగాలి, సాగిన బంజీతో విమానం ఓ పక్కకు ఒరిగి నిలబడుతుంది.

తలకిందుల ఇంధనం కోసం ట్యాంకులో బరువు కట్టిన మెత్తటి గొట్టం, అంటే ఫ్లాప్ ట్యూబ్, ఉంటుంది. రబ్బరు ముసలిదైతే బిర్రబిగుస్తుంది, ఇంధనం ఎటు పోతే అటు వాలదు. నిటారుగా వచ్చాక ఇంజిన్ గాలి పీల్చి దగ్గుతుంది. ఎప్పుడు మార్చారో ఎంట్రీ లేకపోతే మార్చే ఖర్చు బేరంలో తగ్గించుకోండి. డెకాథ్లాన్‌లో ఈ పని చిన్న హెడర్ ట్యాంకుది, అక్కడ లీకులు, వాల్వులు చూస్తే సరిపోతుంది.

రెండింటికీ సమానమైనవి

రెండిటి ఫ్యూజలాజ్ స్టీలు గొట్టాలదే. తోక చక్రం విమానం తోక దించుకునే ఉంటుంది కాబట్టి నీళ్లు, ఎలుకల మూత్రం అంతా కింది లాంజరాన్ల (పొడవునా పోయే గొట్టాల) వెనక చివర చేరుతుంది. అక్కడ గుడ్డకున్న డ్రెయిన్ రంధ్రాలు తెరిచి ఉన్నాయా చూడండి, గొట్టాన్ని గట్టి సూదితో పొడిచి చూడండి. లోపలినుంచి తుప్పు తిన్న గొట్టం పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, సూదికి మాత్రం లొంగుతుంది. టెయిల్ స్ప్రింగ్ బిగించే చోట, గేర్ దగ్గర, సీటు బెల్టులు బిగించే చోట వెల్డులు పగులుతాయి. అనుమానం వస్తే డై పెనిట్రెంట్ టెస్ట్ (రంగు పూసి పగులు పట్టే పరీక్ష). తోక రెక్క కొన పట్టుకుని పైకీ కిందికీ ఊపితే టక్కుమని శబ్దం రాకూడదు.

ఇంజిన్‌లో తక్కువ గంటలు చూసి మురిసిపోకండి. లైకామింగ్‌లో క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌షాఫ్ట్‌కు పైన ఉంటుంది. ఎగరకుండా ఉంచితే నూనె కిందికి జారిపోయి క్యామ్ లోబ్‌లకు తుప్పు పడుతుంది. ఓవర్‌హాల్‌కు గంటలతోపాటు 12 ఏళ్ల గడువు కూడా లైకామింగే సూచిస్తుంది. ఆయిల్ ఫిల్టర్ కోయించి మడతల్లో అయస్కాంతం తిప్పించండి. కంప్రెషన్ టెస్ట్ వేడి ఇంజిన్ మీదే చేయాలి. 80 పీఎస్‌ఐ ఇస్తే 60 కన్నా తక్కువ నిలిచిన సిలిండర్ విప్పాల్సిందే. బోరోస్కోప్‌లో ఎగ్జాస్ట్ వాల్వు మీద వేడి మచ్చ ఓ పక్కకే ఉంటే అది కాలిపోవడం మొదలైంది.

స్నాప్ రోల్, ఫ్లాట్ స్పిన్ లాంటి గిర్రున తిరిగే విన్యాసాల్లో బరువైన లోహపు ప్రొపెల్లర్ గైరో బలంతో క్రాంక్‌షాఫ్ట్ ఫ్లాంజ్‌ను (ప్రొపెల్లర్ బిగించే అంచును) వంచుతుంది. డయల్ గేజ్‌తో ఫ్లాంజ్ వంకర కొలిపించండి. పాత ప్రొపెల్లర్ స్ట్రైక్ (ప్రొపెల్లర్ దేనికైనా తగలడం) ఉంటే క్రాంక్‌షాఫ్ట్ గేర్ బోల్టు, డవల్ తనిఖీ జరిగినట్టు ఎంట్రీ ఉండాలి. అది లేనిచోట ఇంజిన్ విప్పించే ఖర్చు ధరలోంచి తీసేయాలి.

పరీక్ష ఎగురుడులో తలకిందులు చేసినప్పుడు ఆయిల్ ప్రెషర్ ఒక్క క్షణం తగ్గి లేవడం మామూలే. లేవకుండా అక్కడే ఉంటే వెంటనే నిటారుగా వచ్చేయండి. ఇన్వర్టెడ్ ఆయిల్ సిస్టమ్‌లోని బాల్ వాల్వు అతుక్కుని ఉండొచ్చు. దిగాక కౌలింగ్ తీసి కొత్త నూనె మరకలు చూడండి.

మిగతావి

సెస్నా 152 ఏరోబాట్ పూర్తిగా లోహం, చూడటం తేలిక. రివెట్ల చుట్టూ నల్లటి పొగమరక ఉంటే అవి కదులుతున్నాయి. రడ్డర్ స్టాప్ గురించి 2009లో వచ్చిన ఏడీ ప్రకారం కిట్ వేశారా, ఏరోబాటిక్స్ నిషేధమనే ప్లకార్డు అంటించి సరిపెట్టారా చూడండి. రెండోదైతే కొనే ప్రయోజనమే పోయింది. ఇన్వర్టెడ్ సిస్టమ్ ఎలాగూ లేదు. ఎక్స్‌ట్రా 300 కార్బన్ రెక్క గట్టిదే గానీ రిపేరు జరిగి ఉంటే తయారీదారు కాగితం లేకుండా నమ్మొద్దు. యాక్-52 రేడియల్ ఇంజిన్, గాలి పైపులు తెలిసిన మెకానిక్ దగ్గర్లో ఉంటేనే. క్యాప్ 10 చెక్కది, చెక్క గురించి పైన చెప్పింది దానికీ వర్తిస్తుంది.

ఇక ఎంపిక. మొదటిసారి కొనేవారికి లోహపు స్పార్ సూపర్ డెకాథ్లాన్ మేలు. నెమ్మదైనదే, నిజం, కానీ కొనేముందే దాని ఎముకలు చూడొచ్చు. పోటీలకే పోవాలనుంటే ఎస్-2బికి సాటి లేదు, అయితే ఈమధ్యే కొత్త గుడ్డ తొడిగి, ఫోటోలు ఉన్నదే తీసుకోండి. ఫోటోలు లేవు, రంధ్రం వేయనివ్వను అనే యజమాని ఎదురైతే, కొత్త గుడ్డకు, రెక్కలన్నిటి స్పార్ పనికి అయ్యే మొత్తం ధరలోంచి తీసేసి చెప్పండి. ఆ ధరకు ఇవ్వకపోతే ఇంకో విమానం వెతుక్కోవడమే.