కాఫీ హౌస్‌లో నీల్ యంగ్: లైవ్ ఎట్ ద రివర్‌బోట్ 1969

మా పిన్ని కొడుకు సంక్రాంతికి టొరంటో నుంచి వచ్చినప్పుడు చాక్లెట్లతో పాటు ఈ సీడీ చేతిలో పెట్టేడు. ఈ రోజుల్లో సీడీ ఏటిరా అన్నాను గానీ అటక మీంచి పాత ప్లేయర్ దింపి దుమ్ము దులిపి రెండు వారాల్లో ఓ పదిసార్లయినా విన్నాను.

సంగతేటంటే నీల్ యంగ్ అనే కెనడా పాటగాడు 1969 ఫిబ్రవరి 7 నుంచి 9 దాకా టొరంటోలో యార్క్‌విల్ అనే పేటలో ఉన్న రివర్‌బోట్ అనే కాఫీ హౌస్‌లో పాడిన పాటలివి. అతనున్న బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ బ్యాండ్ అంతకు ముందు ఏడాదే విడిపోయింది, సొంతంగా మొదటి ఆల్బమ్ అప్పుడే కొత్తగా వచ్చింది, మనిషికి 23 ఏళ్ళు, పుట్టిన ఊరికొచ్చి ఒక్క గిటారుతో కూచున్నాడు. ఆ టేపులు 40 ఏళ్ళు అలాగే పడుండి 2009లో బయటికొచ్చేయి. కాఫీ హౌస్ అంటే మా విజయనగరంలో కాఫీ హోటల్లా ఊహించుకోకండి, ఇక్కడ ఎవడైనా గిటారు పట్టుకుంటే వెనకాల నుంచి "రెండిడ్లీ, ఒక ఉప్మా పార్సిల్" అని కేక వినబడుద్ది. అక్కడికి జనం పాట కోసమే వెళ్ళేవారు, కాఫీ ఒక వంక. జోనీ మిచెల్, గోర్డన్ లైట్‌ఫుట్ లాంటి పేరున్న కెనడా పాటగాళ్ళు కూడా అక్కడ పాడినోళ్ళే.

నాకు పాటల కన్నా ముందు పట్టుకున్నది మధ్యలో కబుర్లు. గిటారు తీగలు సరిచేసుకుంటూ ఏదో మొదలెడతాడు, అది ఎక్కడికో పోతాది, జనం నవ్వుతారు, వాళ్ళని ఆటపట్టిస్తాడు, పాట సంగతే మర్చిపోయేడేమో అనుకునేలోపు ఠక్కున ఎత్తుకుంటాడు. చిన్నప్పుడు మా ఊళ్ళో జముకుల కథ చెప్పేవాళ్ళు కూడా అంతే, కథ మంచి పట్టులో ఉండగా ఆపి ముందు వరసలో కూచున్నోడి మీద ఓ జోకేసి మళ్ళీ జముకు మోగించీవారు. ఆ మాటల్ని విడి ట్రాకులుగా పెట్టేరు, వద్దనుకుంటే దాటేయొచ్చు. దాటొద్దు.

పాటల్లో నాకు ఎక్కువ నచ్చింది బ్రోకెన్ యారో. బ్యాండ్ రికార్డులో ఈ పాట జనం కేకలతో మొదలై గుండె చప్పుడుతో అయిపోద్ది, మధ్యలో ఏవేవో ముక్కలు అతికించేరు. ఇక్కడ అవేం లేవు, గిటారూ గొంతూ అంతే, అప్పుడు గానీ నాకు తెలీలేదు ఆ హంగామా కింద ఇంత చక్కటి పాట ఉందని. చివర్లో వచ్చే ఎక్స్‌పెక్టింగ్ టు ఫ్లై కూడా అంతే, అసలు రికార్డులో వయొలిన్లు నిండిపోయి ఉంటాయి, ఇక్కడ ఒట్టి గిటారు మీద మరీ ఒంటరిగా వినబడతాది.

బాగోలేనివి కూడా చెప్పాలి కదా. ద లాస్ట్ ట్రిప్ టు టల్సా సాగుతూనే ఉంటాది, రెండోసారి నుంచి నేను ఆ టైముకి టీ పెట్టుకోడానికి లేచిపోతున్నాను. గొంతు కూడా సన్నం, అలవాటు లేనోళ్ళకి కష్టమే. మా అమ్మ అయితే వంటింట్లోంచి "ఎవడ్రా ఆడు, అలాగ ఏడుస్తున్నాడేటి" అంది. ఇంకోటి, 1968 నవంబరులో అమెరికాలో ఆన్ ఆర్బర్ అనే ఊళ్ళో పాడిన క్యాంటర్‌బరీ హౌస్ ఆల్బమ్ మీ దగ్గరుంటే షుగర్ మౌంటెన్‌తో సహా చాలా పాటలు అవే, మూడు నెలల తేడా అంతే. రెండూ కొనక్కర్లేదు, ఒకటే అంటే నేను ఇదే అంటాను, సొంతూరి జనం ముందు మనిషి కొంచెం తేలిగ్గా ఉన్నట్టు నాకనిపించింది. 1974లో యాంబులెన్స్ బ్లూస్ పాటలో ఈ రివర్‌బోట్‌నే పేరెట్టి తల్చుకున్నాడు మరి.

ఫోన్లో వినేటట్టయితే మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, ఫ్యాన్ కట్టేయండి, పాటకీ పాటకీ మధ్య ఆ చిన్న గది నిశ్శబ్దం ఫ్యాన్ చప్పుడులో పోతాది. ఊళ్ళో ఉన్నోళ్ళకి కావాలంటే నా సీడీ ఇస్తాను, కాకపోతే లోపలున్న కాగితంతో సహా తిరిగివ్వాలి, ఇదివరకు ఇలాగే ఇచ్చిన రెండు ఇప్పటికీ రాలేదు.