బెంగళూరులో విల్లో బుట్ట అల్లిక: డబ్బు కట్టేముందు ‘ఎప్పుడు నానబెట్టారు?’ అని అడగండి

ఇందిరానగర్‌లో ఒకరోజు క్లాసుకి మనిషికి 2,800 తీసుకున్నారు. ఏసీ ఉంది, కాఫీ ఇచ్చారు. కశ్మీర్ నుంచి తెప్పించామన్న విల్లో (బాగా వంగే సన్నకొమ్మల చెట్టు) పుల్లలు మాత్రం ఆ పొద్దున్నే నీళ్లలో వేసినవి! అక్కడే అంతా చెడింది.

బెరడు తీసిన పుల్లయితే గంటా రెండు గంటలు నాని, రాత్రంతా తడిగుడ్డలో ఉంటే చాలు. బెరడుతో ఉన్నదానికి అడుగు పొడవుకి ఒక రోజు లెక్క, నాలుగడుగులకి నాలుగు రోజులు. మాకిచ్చినవి బెరడువే. అలాగని మరీ నానబెట్టినా జిగురు పడుతుంది, అల్లాక ఎండి సన్నబడి సందులొస్తాయి.

బుట్ట అడుగు వరకు బాగానే సాగింది. మూడు లావు పుల్లల్ని నడిమికి చీల్చి, ఆ చీలికల్లోంచి ఇంకో మూడు అడ్డంగా దూర్చాలి. రెండు సన్నపుల్లల్ని మెలేస్తూ ఆ కట్టల చుట్టూ రెండు వరసలు బిగించి, మూడో వరసలో ఒక్కో పుల్లనీ విడదీయాలి. నడుమ కాస్త పైకి ఉబ్బేలా పట్టుకోవాలి, లేదంటే బుట్ట నేలమీద కుదురుగా నిలవదు. ఆ పన్నెండు కొసలకీ అటూ ఇటూ ఒక్కోటి చొప్పున, దబ్బనంతో దారి చేసి 24 నిలువు పుల్లలు గుచ్చాలి. వాటిని గుచ్చిన చోటికి దగ్గరగా చాకుమొనతో నొక్కి పైకి మడవాలి.

మడవగానే పటపటా విరిగాయి. మా వదిన బుట్టకే ఏడు పోయాయి. విరిగినదాన్ని లాగేసి అదే కంతలో కొత్తది గుచ్చడం రెండు నిమిషాల పని, అయినా వేరే పుల్లలు ఇవ్వలేదు. భోజనాల దగ్గర వదిన ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం ‘అంచు ఇంట్లో వేసుకోండి’ అని పంపేశారు. అంచంటే ఆ నిలువు పుల్లల్నే వంచి ఒకదానికింద ఒకటి దోపడం. తెల్లారేసరికి అవి ఎండిపోతే ఇంకేం వంగుతాయి?

 

మర్నాడు కేఆర్ మార్కెట్ దగ్గర వెదురు బుట్టలు చూశాకే వదిన మొహం విప్పారింది. అల్లుతున్న పెద్దాయన తెలుగులోనే చెప్పాడు: పచ్చి వెదురుకి నానబెట్టే పని లేదు, పైపొర బద్దలే గట్టి, లోపలి మెత్తటి భాగానికి పురుగు పడుతుంది. కూరగాయల బుట్ట 250 చెప్పి 220కి ఇచ్చాడు. కొనేటప్పుడు అంచు చుట్టిన బద్దని గోటితో లేపి చూడండి, లేస్తే తీసుకోవద్దు. ఇంటికెళ్లాక మెంతుల ముద్ద పలచగా పూసి ఎండబెడితే సందులు పూడతాయి.