బియ్యమా, అన్నమా? డైటీషియన్ దగ్గర పద్నాలుగు నెలలు

మొదటి నెల చివర్లో ఎవరైనా అడిగి ఉంటే ఈ డైటీషియన్‌కు గుడి కట్టించాలని చెప్పేదాన్ని. మూడున్నర కిలోలు తగ్గాను మరి. పాతపట్నంలో ఉన్న మా అక్కకు, ఎదురింటివాళ్లకు, చివరికి కూరగాయలమ్మే ఆవిడకు కూడా ఆమె నంబరు ఇచ్చాను. ఆ మూడున్నర కిలోల గుట్టు తర్వాత చెబుతాను.

నాకు 52 ఏళ్లు, షుగరు ఉంది. ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి బస్సులో బరంపురం వెళ్లి ఆమెను కలుస్తుంటాను. మొదలుపెట్టినప్పుడు 78 కిలోలు.

నన్ను మొదట పడగొట్టింది చద్దన్నం. వేసవిలో మధ్యాహ్నం ఏం తింటారని అడిగితే సిగ్గుపడుతూనే చెప్పాను. "పఖాళ మానమని ఎవరన్నారు మౌసీ?" అంది. పఖాళ అంటే ఒడియాలో చద్దన్నం, మౌసీ అంటే పిన్ని. ఓట్సు, ఆకులు తినమంటుందని గుండె రాయి చేసుకుని వెళ్లినదాన్ని, ఆ మాటకు కరిగిపోయాను. చల్లారిన అన్నంలో కొంత పిండి తొందరగా అరగని రూపానికి మారుతుందట. అయితే దాన్ని నమ్ముకుని గిన్నె పెంచవద్దని కూడా అంది. ఆ రెండో మాట నేను సరిగ్గా వినిపించుకోలేదు.

ఇక ఏం ఎంత తినాలో రాసిన చీటీ సంగతి. చేతిరాతతో, ఒడియాలో రాసి ఇచ్చింది. కోడలిగా వచ్చి 27 ఏళ్లయినా నాకు ఒడియా మాట్లాడటమే వచ్చింది, చదవడం రాలేదు. ఆ గుండ్రటి అక్షరాలు చూడటానికి మన అక్షరాలకు చుట్టాల్లా ఉంటాయి, చదవబోతే ఒక్కటీ పలకదు. ఫోటో తీసి భువనేశ్వర్‌లో చదువుతున్న మా అబ్బాయికి పంపాను. వాడు ఏ హడావిడిలో ఉన్నాడో, "పూటకు రైస్ యాభై గ్రాములమ్మా" అని చెప్పి పెట్టేశాడు.

చిన్న త్రాసు కొన్నాను. వండిన అన్నం యాభై గ్రాములు తూచి పళ్లెంలో పెట్టుకుంటే గరిటెడు కూడా లేదు. "పిల్లికి పెడుతున్నావా?" అన్నారు మా ఆయన. నేను మాత్రం పట్టుదలగా రెండు పూటలా అంతే తిన్నాను. బరువు దిగుతుంటే ఆకలి కూడా గొప్పగానే అనిపించింది.

నెల దాటాక, మార్గశిర లక్ష్మీవారానికి ముందు సాయంత్రం గుమ్మంలో పిండి ముగ్గు వేస్తున్నాను. చేతులు వణికాయి, ఒళ్లంతా చల్లటి చెమట. లేవబోతే గోడ పక్కకు జరిగినట్లయింది. మా ఆయన మీటరు పెట్టి చూస్తే షుగరు 58కి పడిపోయింది. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించారు. పావుగంట తర్వాత 84కు వచ్చింది.

మర్నాడు ఫోను చేస్తే ఆమె మొదట అడిగింది అన్నం ఎంత తింటున్నారని. చెప్పాను. కాసేపు మాట లేదు. "నేను రాసింది చావుళ మౌసీ, భాత కాదు" అంది. చావుళ అంటే బియ్యం, భాత అంటే అన్నం. యాభై గ్రాముల బియ్యం వండితే దాదాపు నూటయాభై గ్రాముల అన్నం అవుతుంది. అంటే నేను మూడో వంతు తిన్నాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 250 గ్రాముల ధాన్యం అన్నదీ వండక ముందు బరువేనని అప్పుడే చెప్పింది. తెలుగులో బియ్యం, అన్నం వేరు. ఒడియాలోనూ వేరే. ఆ రెండు భాషల మధ్య మా ఇంట్లోకి రైస్ అనే మాట దూరి నన్ను పస్తులు పెట్టింది.

తప్పంతా అబ్బాయి మీద తోసేయలేను. నేను షుగరుకు వేసుకునే గ్లిమిపిరైడ్ మాత్రల చీటీ ఆమె మొదటి రోజే చూసింది. తిండి ఒక్కసారిగా తగ్గితే ఆ మందుతో షుగరు పడిపోవచ్చని చెప్పడానికి నిమిషం చాలు. ఏం అర్థమైందో తిరిగి చెప్పమని అడిగినా సరిపోయేది. ఆ కోపం నాకు ఇప్పటికీ కొంత ఉంది. ఆ తర్వాత మాత్రం పది రోజులకోసారి తనే ఫోను చేస్తోంది. డాక్టరు మాత్ర మోతాదు తగ్గించారు.

సరైన కొలతతో తినడం మొదలుపెట్టగానే కిలోన్నర తిరిగి వచ్చింది. అక్కడి నుంచి నత్తనడకే. ఇప్పుడు 70. మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష (హెచ్‌బిఎ1సి) 8.4 శాతం నుంచి 6.9 శాతానికి దిగింది. చద్దన్నం నా పళ్లెంలో ఇంకా ఉంది, కానీ తూచిన బియ్యంతో, పక్కన మునగాకు వేపుడు, పప్పు. వడియాలు, బంగాళాదుంప వేపుడు వారానికి ఒకసారే. అవి లేని చద్దన్నానికి నేను మొదట్లో పాడిన పాట ఇప్పుడు పాడలేను.

వంట నా చేతిలో ఉంది, ఇంట్లో మేమిద్దరమే, బరంపురానికి రోజంతా పోయినా అడిగేవాళ్లు లేరు. అందుకే నాకు సాగింది. ఉమ్మడి కాపురంలో ఉన్న మా అక్క రెండు నెలలకే మానేసింది. మొన్న సంక్రాంతికి అరిసెలు తిన్నాను, ఎన్నో ఇంకా డైటీషియన్‌కు చెప్పలేదు. వచ్చే నెల వెళ్తాను. కొత్త చీటీని అక్కడే కూర్చుని, ఆమె చదువుతుంటే తెలుగులో నేనే రాసుకుంటాను.