ప్లికర్స్ కార్డులు: స్కానింగ్ సులువే, ప్రశ్న రాయడమే అసలు పని

క్లాసు మొత్తం చేత ఒకేసారి జవాబు చెప్పించడానికి దొరికే వాటిల్లో నాకు బాగా కుదిరింది ప్లికర్స్. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఇవి ఉత్త కాగితం కార్డులు. ఒక్కొక్కరికీ ఒక్కో నంబర్ కార్డు, దానిమీద క్యూఆర్ కోడ్ లాంటి నలుపు తెలుపు బొమ్మ, నాలుగు వైపులా ఏ బీ సీ డీ ఉంటాయి, తమ జవాబు ఏదైతే ఆ అక్షరం పైకొచ్చేలా తిప్పి పట్టుకుంటారు, మనం ఫోన్లో ప్లికర్స్ యాప్ తెరిచి కెమెరా క్లాసు మీదుగా తిప్పితే ఎవరు ఏం పెట్టారో వచ్చేస్తుంది. పిల్లల దగ్గర ఫోన్లూ ట్యాబులూ ఏమీ అక్కర్లేదు. కార్డుల పీడీఎఫ్ వాళ్ల సైట్లో ఉచితమే.

కార్డు కార్డుకీ బొమ్మ వేరు, అక్షరాలేమో చిన్నవి, కాబట్టి పక్కవాళ్లది చూసి పెట్టడం కష్టం. చేతులెత్తమంటే అందరూ ముందు ఫస్ట్ ర్యాంకు వాళ్ల వైపు చూసి ఎత్తుతారు కదా, ఇక్కడ ఆ పప్పులుడకవు. ఇంకోటి, స్కాన్ అయ్యేదాకా ఎలాగూ ఆగాలి కాబట్టి నిదానంగా ఆలోచించేవాళ్లకీ టైం దొరుకుతుంది. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను కూడా ఆగరని మేరీ బడ్ రో అనే అమెరికా విద్యా పరిశోధకురాలు ఎప్పుడో చూపించింది, మనం దానికి మినహాయింపేం కాదు.

కానీ పనంతా ప్రశ్నలోనే ఉంది. 1/2 + 1/3 ఎంత అని అడిగి 5/6 పక్కన ఏవో మూడు అంకెలు పడేస్తే ఈ కార్డులు దండగ. నేను 2/5, 1/6, 2/6 పెడతా. 2/5 అన్నారంటే పైవి పైవి, కిందవి కిందవి కూడేశారు. 1/6 అంటే గుణించేశారు. 2/6 అన్నవాళ్లకి కింద 6 రావాలని తెలుసు, పైన మార్చలేదంతే, వాళ్లు దాదాపు వచ్చేసినట్టే. ముగ్గురివీ మూడు వేర్వేరు తప్పులు, అందరికీ మళ్లీ మొదట్నుంచి అదే పాఠం చెప్తే ఏం లాభం? ఇలాంటి ప్రశ్న పాఠం మధ్యలోనే అడగాలి, చివర్లో బెల్లు కొట్టే ముందు అడిగితే తెలిసినదాంతో చేసేదేమీ ఉండదు.

జవాబులు సగం సగం చీలాయనుకోండి, కరెక్ట్ ఏదో చెప్పకండి. వేరే జవాబు పెట్టినవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోమని మళ్లీ కార్డులు ఎత్తించండి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల నుంచీ చేస్తున్నది ఇదే. ఈ మధ్యలో ఏ జవాబుకి ఎంతమందో చూపే గ్రాఫ్ మాత్రం స్క్రీన్ మీద చూపించొద్దు, చూపిస్తే ఆలోచించడం మానేసి మెజారిటీ వైపు జరిగిపోతారు.

యాప్ ఇచ్చే రిపోర్టులో పర్సంటేజీలు కూడా వస్తాయి, చూడ్డానికి బాగుంటాయి, వాటిని తీసుకెళ్లి మార్కుల రిజిస్టర్లో ఎక్కించాలని చెయ్యి లాగుతుంది. వద్దు. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన ప్రయోగంలో కామెంట్లు మాత్రమే అందుకున్న పిల్లలు తర్వాత మెరుగయ్యారు, కామెంట్లతో పాటు మార్కులూ ఇచ్చినవాళ్లలో ఆ మెరుగు కనపడలేదు. పైగా మార్కు అనగానే తెలియనిది దాచిపెట్టి గెస్ కొట్టడం మొదలవుతుంది, మనకి కావల్సిందేమో తెలియనిది బయటపడటం.

లోటు ఒకటుంది, ఆప్షన్లు తప్ప ఇంకేం అడగలేం. నాలుగింట్లో ఒకటి గుడ్డిగా ఎత్తినా తగలొచ్చు, లెక్క ఏ స్టెప్పులో తప్పిందో కనపడదు, సొంతంగా వాక్యం రాయించాలంటే అస్సలు పనికిరాదు. దానికి చిన్న వైట్‌బోర్డులే నయం, మార్కర్లు ఎండిపోతుంటాయి, అది వేరే గోల.

కొనే/ప్రింట్ తీసే ముందు: మందపాటి కాగితం తీసుకోండి, మెరిసే లామినేషన్ వద్దు, లైటు పడితే స్కాన్ కాదు. బొమ్మ మీద వేళ్లు అడ్డం రాకుండా అంచులు పట్టుకోమని ముందే నేర్పాలి. కార్డు నోట్‌బుక్ వెనక అట్టకి అంటిస్తే రోజూ పంచే పని తప్పుతుంది.

లెక్కలు, సైన్స్ వాళ్లకి 5కి 4. భాషలు చెప్పేవాళ్లు ముందు వైట్‌బోర్డులు కొనుక్కోండి, ఇది తర్వాత చూడొచ్చు.