అతిథులతో ఆప్యాయంగా మాట్లాడే ఇంగ్లీషు: తిరుపతిలోని ఒక సాయంకాల తరగతిపై సమీక్ష

తిరుపతిలో స్పోకెన్ ఇంగ్లీషు నేర్పే కేంద్రాలకు కొదవ లేదు గాని, వాటిలో చాలావరకు ఉద్యోగ ఇంటర్వ్యూలకు వెళ్లే విద్యార్థులను దృష్టిలో పెట్టుకొని నడుస్తున్నవే. లాడ్జి రిసెప్షన్‌లో, ట్రావెల్స్ కౌంటర్‌లో, హోటల్‌లో పనిచేసేవారి కోసం బాలాజీ కాలనీలో ఒక చిన్న కేంద్రం నడుపుతున్న సాయంకాల తరగతికి మా లాడ్జి సిబ్బందితో పాటు నేనూ హాజరయ్యాను. ఆ కోర్సులో నాకు అత్యంత విలువైనదిగా తోచింది స్నేహాన్ని, ఉల్లాసాన్ని తెలిపే క్రియా విశేషణాల పాఠం. కొండకు వచ్చే భక్తులలో తెలుగు, తమిళం, హిందీ తెలియనివారితో మనకు మిగిలేది ఇంగ్లీషే. గదుల బుకింగ్ ఉత్తరాలు, అతిథులు ఆన్‌లైన్‌లో రాసే అభిప్రాయాలకు మనమిచ్చే జవాబులు కూడా ఆ భాషలోనే సాగుతున్నాయి. ఆదరణ మనసులో ఉంటే చాలదు, రాసిన వాక్యంలోనూ కనబడాలి.

తెలుగువారు ఈ విషయంలో ఎక్కడ తడబడతారో అక్కడి అధ్యాపకురాలికి బాగా తెలుసు. ‘ఆమె సంతోషంగా పాడింది’ అన్నా, ‘ఆమె సంతోషంగా ఉంది’ అన్నా మనకు ‘గా’ ఒక్కటే సరిపోతుంది. ఇంగ్లీషులో మొదటి వాక్యానికి ‘హ్యాపిలీ’ కావాలి, రెండోదానికి ‘హ్యాపీ’ మాత్రమే రావాలి. ఉండటం, కనబడటం, అనిపించడం అనే అర్థాల్లో వాడే ‘బీ’, ‘లుక్’, ‘సీమ్’, ‘ఫీల్’ వంటి క్రియల తర్వాత వచ్చే మాట కర్త స్థితిని చెబుతుంది కనుక అది విశేషణమే అవుతుంది. అందువల్ల ‘షీ లుక్స్ చీర్‌ఫుల్’ అనాలి గాని ‘చీర్‌ఫుల్లీ’ అనకూడదు. అదే ఆమె పలకరించిన తీరును చెప్పదలచుకుంటే ‘షీ గ్రీటెడ్ అజ్ చీర్‌ఫుల్లీ’ అనాలి. ఈ సూత్రాన్ని వల్లె వేయించకుండా, ఆమె ఒక్కొక్క తెలుగు వాక్యం ఇచ్చి, ‘ఇది మనిషి ఎలా ఉన్నారో చెబుతోందా, పని ఎలా జరిగిందో చెబుతోందా?’ అని మాత్రమే అడిగారు. పదో తరగతితో చదువు ఆపిన మా రిసెప్షన్ అబ్బాయి కూడా ఆ ఒక్క ప్రశ్నతో తేడా పట్టుకోగలిగాడు. వ్యాకరణం బోధించడంలో ఇంతకంటే మంచి పద్ధతిని నేను చూడలేదు.

‘ఫ్రెండ్లీ’ అనే మాటకు ఆమె ప్రత్యేకంగా సమయం కేటాయించారు. చివర ‘లీ’ ఉన్నప్పటికీ అది విశేషణం కనుక ‘హీ స్పోక్ ఫ్రెండ్లీ’ అనే వాక్యం కుదరదు. ‘హీ స్పోక్ ఇన్ ఎ ఫ్రెండ్లీ వే’ అనవలసి ఉంటుంది. ‘ఫ్రెండ్లిలీ’ అనే రూపం నిఘంటువుల్లో ఉన్నా నోరు తిరగడం కష్టం, వాడుకా బహు తక్కువ. ప్రాచీన ఇంగ్లీషులో విశేషణానికి ‘లీచ్’, క్రియా విశేషణానికి ‘లీచె’ అనే వేర్వేరు ప్రత్యయాలు ఉండేవి. కాలక్రమంలో ఆ రెండూ ‘లీ’గా కలిసిపోవడమే ఈ చిక్కుకు మూలం. ‘లవ్లీ’, ‘లైవ్లీ’ కూడా ఈ కోవలోనివే.

ఏ క్రియతో ఏ మాట పొసగుతుందో చెప్పిన భాగం ఈ పాఠానికి ప్రాణం. స్వాగతించడానికి, పలకరించడానికి, కృతజ్ఞత చెప్పడానికి ‘వార్మ్‌లీ’ నప్పుతుంది. మనసారా నవ్వడానికి, కడుపారా తినడానికి, పూర్తిగా ఏకీభవించడానికి ‘హార్టిలీ’. ‘గ్లాడ్లీ’లో ఇష్టపూర్వకంగా చేస్తామనే భావం ముఖ్యం కనుక, అతిథి ఏదైనా ఏర్పాటు అడిగినప్పుడు ‘వీ విల్ గ్లాడ్లీ అరేంజ్ ఇట్’ అని రాయడం ఎంతో హుందాగా ఉంటుంది. లాటిన్‌లో హృదయమనే అర్థమున్న మాట నుంచి పుట్టిన ‘కార్డియల్లీ’ మన పెళ్లి పత్రికల్లో ఆహ్వానంతో స్థిరపడిపోయింది. అయితే ఇంగ్లీషువారు దానిని ‘డిస్‌లైక్’కు ముందు కూడా చేర్చి, తీవ్రమైన అయిష్టాన్ని తెలపడానికి వాడతారని విన్నప్పుడు తరగతిలో అందరూ ఆశ్చర్యపోయారు. ‘కైండ్లీ’ విషయం మాకు వెంటనే పనికివచ్చింది. మన దేశపు ఉత్తరాల్లో అది మర్యాదైన మాటే గాని, బ్రిటన్, అమెరికాల నుంచి వచ్చేవారికి అభ్యర్థనలో అది పాతబడిన మాటగానో, కాస్త గద్దింపుగానో వినిపించవచ్చునట. తాళంచెవి అప్పగించమని కోరే మా కౌంటర్ బోర్డు మీద ఇప్పుడు ‘ప్లీజ్’ అని ఉంది.

పాఠం ఇంత బాగున్నా, చేతికిచ్చిన వర్క్‌బుక్ దాని స్థాయికి తగినట్లు లేదు. ‘జోవియల్లీ’, ‘జీనియల్లీ’, ‘ఏమియబ్లీ’, ‘ఆఫబ్లీ’ అనే మాటలన్నింటినీ ఒకే వరుసలో పేర్చి, ఎదురుగా ‘స్నేహంగా’ అని ఒకే అర్థం ఇచ్చారు, ఉదాహరణ వాక్యం ఒక్కటీ లేదు. ‘జోవియల్లీ’లో నవ్వులూ హాస్యోక్తులూ కలసిన సందడి ఉంటుంది. ఆ మాట గురుగ్రహానికి ఉన్న ‘జోవ్’ అనే పేరు నుంచి వచ్చింది, ఆ గ్రహ ప్రభావంలో పుట్టినవారు ఉల్లాసవంతులవుతారని పూర్వం ఐరోపాలో నమ్మేవారు. గది ఆలస్యమైనందుకు క్షమాపణ చెప్పే ఉత్తరంలో అటువంటి మాట పడితే అతిథి నొచ్చుకుంటారు. ఇటువంటి పట్టికలు నేర్చుకునేవారికి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తాయని నా గట్టి అభిప్రాయం.

పదక్రమాన్ని కూడా తొందరగా ముగించారు. ‘అతిథులను ఆప్యాయంగా స్వాగతించాము’ అన్నప్పుడు మన క్రియా విశేషణం క్రియను ఆనుకొని ఉంటుంది కనుక, మనవారు ‘వెల్కమ్డ్ వార్మ్‌లీ ది గెస్ట్స్’ అని రాస్తారు. ఇంగ్లీషులో క్రియకూ కర్మకూ మధ్య దానిని ఇరికించకూడదు, ‘వెల్కమ్డ్ ది గెస్ట్స్ వార్మ్‌లీ’ అనో, ‘వార్మ్‌లీ వెల్కమ్డ్ ది గెస్ట్స్’ అనో రాయాలి. ఇది చెప్పారు గాని అభ్యాసం చేయించలేదు, దీనికి మరొక తరగతి తప్పక కేటాయించాలి.

గది ఇరుకైనదే అయినా గాలి, వెలుతురు బాగున్నాయి, ఫీజు విడతలుగా తీసుకుంటారు. రాత్రి షిఫ్టు చేసేవారికి ఉదయం బ్యాచ్ లేకపోవడం పెద్ద లోటు. అయినప్పటికీ లాడ్జి, హోటల్ యజమానులు తమ సిబ్బందిని నిస్సంకోచంగా పంపవచ్చు. వర్క్‌బుక్‌లోని పట్టికను పక్కన పెట్టి, తరగతిలో రాసుకున్న వాక్యాలనే సాధన చేయమని వారికి ముందే చెప్పండి. బ్రహ్మోత్సవాల రద్దీలో మన సిబ్బందికి సాయంత్రాలు ఖాళీ ఉండవు కనుక, ఉత్సవాలు ముగిశాక మొదలయ్యే బ్యాచ్‌లో చేర్పించడం మేలు.