థర్మాకోల్ పెట్టెలో తేలే రాక్: చాలాకాలం వాడాక

కుక్క వీర్యం ఫ్రీజింగ్‌కి థర్మాకోల్ పెట్టె పనికిరాదని, చల్లబరిచే వేగాన్ని తానే అదుపుచేసే ప్రోగ్రామబుల్ ఫ్రీజర్ ఉండాల్సిందేనని, పెట్టె అడుగున నిలిచే కాళ్ల స్టాండు వాడినంతకాలం నేనూ అన్నాను. పెట్టెలో పోసిన లిక్విడ్ నైట్రోజన్ మీద తేలే ఫోమ్ రాక్ వచ్చాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

స్టాండుతో తంటా ఇదీ. మొదటి బ్యాచ్ పెట్టేటప్పుడు ద్రవానికీ, దానిపై ఆవిరిలో ఉంచే స్ట్రాలకూ (వీర్యం నింపిన సన్నని గొట్టాలు) మధ్య కొలిచినట్టు 4 సెంటీమీటర్లు. మూత తీస్తూ పెడుతూ ఉంటే నైట్రోజన్ ఆవిరై మట్టం దిగిపోతుంది, స్టాండు మాత్రం దిగదు. మూడో బ్యాచ్‌కల్లా ఎడం బాగా పెరిగి, గడ్డకట్టడానికి ఎప్పటి 10 నిమిషాలు చాలవు. స్ట్రా నెమ్మదిగా చల్లబడితే శుక్రకణంలోని నీరు మరీ ఎక్కువగా బయటికి పోతుంది, చిక్కబడిన లవణాల్లో అది ఎక్కువసేపు నానుతుంది. 37 డిగ్రీల నీళ్లలో కరిగించి చూస్తే మొదటి బ్యాచ్ దూసుకుపోతుంటుంది, మూడోది ఉన్నచోటే కొట్టుకుంటుంది. అదే కుక్క, అదే ట్రిస్-గుడ్డుసొన ఎక్స్‌టెండర్ (వీర్యంలో కలిపే రక్షక ద్రావణం), అదే 5 శాతం గ్లిసరాల్! నెపం ఎక్స్‌టెండర్ మీదికి నెట్టి అందులో కలిపే ఈక్వెక్స్ అనే డిటర్జెంట్ పాళ్లు మారుస్తూ కూర్చుంటాం.

తేలే రాక్ మట్టంతోపాటే దిగుతుంది, ఎడం మారదు.

మారదన్నాను గానీ, కొంత మారుతుంది. నిండా పేరిస్తే బరువుకి మునుగుతుంది. అందుకే ఖాళీ రాక్‌తో కాదు, నీళ్లు నింపిన స్ట్రాలు పేర్చి ఎత్తు కొలుచుకోవాలి. ఒక పక్కే పేరిస్తే ఒరిగి, ఆ కొసనున్నవి ద్రవానికి దగ్గరై మరీ వేగంగా గడ్డకడతాయి, కణం లోపలే మంచు కడుతుంది. నడిమి నుంచి రెండు వైపులా పేర్చడం మేలు. రాక్‌ని కూడా స్ట్రాలతోపాటు 4-5 డిగ్రీల ఫ్రిజ్‌లోనే ఉంచాలి. స్ట్రాల మీది తడి తుడిచి, వాటిని అక్కడే పేర్చాలి. గదిలో పేర్చారో, చల్లబరిచిందంతా వృథా. వాడిన రాక్‌కి మంచు పట్టి బరువెక్కుతుంది, కాబట్టి రెండోది సిద్ధంగా ఉండాలి.

నేను పూటకు ఒకటి రెండు కుక్కలకే చేస్తాను కనుక నాకిది చాలు. రోజంతా ఫ్రీజ్ చేసేచోట ఫ్రీజరే నయమేమో. ప్రోస్టేట్ ద్రవం ఎక్కువగా కలిసిన నమూనాని మాత్రం రెండూ బాగుచేయవు.

వాడగా వాడగా ఫోమ్ అంచులు పెళుసెక్కి రాలతాయి. ముక్క ఊడితే రాక్ ఆ పక్కకే ఒరుగుతుంది. అతికించి చూశాను, నిలవలేదు. మార్చేయడమే.